వహాకాలో పెళ్లి, 600 పెసోల బాల్కనీ
డల్లాస్‌లో నాతో పనిచేసే కుర్రాడి పెళ్లికి మెక్సికోలోని వహాకా వెళ్లాం: నేను, మా ఆవిడ, మా అత్తగారు. ప్రయాణం హాయిగా సాగింది. ఏడుపంతా బస గురించే.

సాంతో దొమింగో చర్చికి దగ్గర్లో గది, రాత్రికి 1,800 పెసోలు. 'కలెందా' అనే పెళ్లి ఊరేగింపు ఆ వీధినే వెళుతుందని తెలిసి, వీధివైపు బాల్కనీ కోసం మరో 600 కట్టాను. తలుపు తీస్తే ఎదురుగా పక్కింటి నీళ్ల ట్యాంకు! కమ్మీల మీద వాలి మెడ తిప్పితే జానెడు వీధి. నిలదీస్తే "కనిపిస్తోంది కదా" అన్నాడు గుమస్తా. పైసా వెనక్కి రాలేదు. హోటలు ఎంచింది నేనే కాబట్టి మా ఆవిడ రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. బాల్కనీకి డబ్బు తగలేయకండి, కిందికి దిగి ఊరేగింపుతో నడవండి.

మేమూ అదే చేశాం. ముందు బ్యాండు, వెనక మనిషి కన్నా ఎత్తు బొమ్మల ఆట. అతిథుల మెడల్లో రిబ్బనుకు చిన్న మట్టి గిన్నెలు, వాటిలో మెస్కల్ అనే మద్యం పోస్తూ ఒకతను వచ్చాడు. మా అత్తగారు తీర్థమనుకుని కుడి అరచెయ్యి పట్టారు. అతను నవ్వి రెండు చుక్కలు వేశాడు. వాసన చూసి గబుక్కున కొంగుకు తుడిచేసుకున్నారు.

అక్కడ చట్టానికి లెక్క రిజిస్టరు పెళ్లే, అది ముందే అయిపోయింది. చర్చిలో వరుడు వధువు దోసిట్లో 13 నాణేలు పోశాడు. క్రీస్తుకొకటి, పన్నెండుమంది శిష్యులకు పన్నెండు అట. సంపాదించేది ఇక ఇద్దరిదీ అని అర్థం. తర్వాత 'లాసో': జపమాలలాంటి జంట దండను ఎనిమిది అంకెలా మెలిపెట్టి, మోకరిల్లిన ఇద్దరి భుజాల మీదా వేశారు. "కొంగుముడి లేని పెళ్లెక్కడుంటుందే!" అన్నారు అత్తగారు కూతురితో. నాణేలకో దంపతులు, దండకో దంపతులు, కేకుకు మరొకరు ఖర్చు పెట్టుకుంటారట. 'పద్రీనో'లంటే వాళ్లే.

విందులో మోలే అనే నల్లటి చిక్కని పులుసు ఘుమఘుమలాడింది, కోడిమాంసం మీద. శాకాహారులు చిక్కుడు గింజల కూర కూడా ఏం వేశారో అడిగాకే తినండి, పంది కొవ్వు వేస్తుంటారు. మా అత్తగారు తోర్తియా అనే రొట్టెలో ఇంటి ఆవకాయ రాసుకుని తిన్నారు.

రాత్రి డాన్సులో పెళ్లికూతురి గౌనుకు నోట్లు గుచ్చుతుంటే, అత్తగారు పిన్నీసు తీశారు. వంద పెసోల నోటు గుచ్చి, "బాబూ, పదహారు!" అన్నారు నాతో. పది, అయిదు, ఒకటి: మూడు బిళ్లలు ఆ పిల్ల గుప్పిట్లో పెట్టి వేళ్లు మూశారు.