సముద్రపు ఒడ్డున చదవడానికి ఏది మేలు: తులసిదళమా, అమరావతి కథలా, బారిస్టర్ పార్వతీశమా?

సెలవుల్లో రుషికొండకో, భీమిలికో, బాపట్ల దగ్గరి సూర్యలంకకో బయలుదేరేవారు ఏ పుస్తకం పట్టుకెళ్ళమంటారని అడిగితే, చాలామంది తమకు అన్నిటికంటే నచ్చిన పుస్తకం పేరు చెప్పి ఊరుకుంటారు. నచ్చిన పుస్తకాలన్నీ ఇసుకలో కూర్చుని చదవడానికి పనికిరావు. ‘వేయిపడగలు’ ఎంత గొప్ప నవల అయినా, అంత బరువును ఒళ్ళో పెట్టుకుని అలలవైపు కాళ్ళు చాపుకోవడం కుదిరే పని కాదు. పైగా ఒడ్డున చదువు నిమిషానికోసారి తెగిపోతూ ఉంటుంది. పిల్లలు నీళ్ళలోకి పరిగెడతారు, ముంత మసాలా అతను వచ్చి ఎదురుగా నిలబడతాడు, ఎవరో ఒకరు ఫొటో తీయమంటారు. అందువల్ల ఎక్కడ మూసినా వెలితి అనిపించనిదీ, ఎక్కడ తెరిచినా వెంటనే అందుకోగలిగినదీ మేలైన పుస్తకమని నేననుకుంటాను. ఇలాంటి సంభాషణల్లో తరచుగా వినిపించే మూడు పుస్తకాలను ఈ దృష్టితో పోల్చి చూడవచ్చు.

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చిన నవల. తులసి అనే చిన్న పిల్ల మీద జరిగే క్షుద్రప్రయోగం, దాన్ని నమ్మేవారికీ నమ్మనివారికీ మధ్య నడిచే వాదం ఇందులోని కథ. వారం వారం పాఠకుణ్ణి ఎదురుచూసేలా చేయడానికి రాసినది గనుక, ప్రతి ఘట్టమూ సరిగ్గా ఆపలేని చోటే ఆగుతుంది. ఒడ్డున దీనికి ఇదే ఇబ్బంది. ఎవరైనా పిలిస్తే విసుగు వస్తుంది, సముద్రం ఎదురుగా ఉన్నా కళ్ళు పేజీమీదినుంచి లేవవు. సముద్రాన్ని చూడనివ్వని పుస్తకం కోసం సముద్రందాకా వెళ్ళడమెందుకు? దీన్ని రైలు ప్రయాణానికో, రాత్రి గదిలోకి చేరాక చదువుకోవడానికో ఉంచుకోవడం ఉత్తమం.

సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ దీనికి పూర్తిగా భిన్నమైనవి. మొత్తం 100 కథలు, దాదాపు అన్నీ కొద్ది పేజీల్లో ముగిసేవే, వాటికి తోడు బాపు బొమ్మలు. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ సంపుటిని తరువాత శ్యామ్ బెనెగల్ హిందీలో దూరదర్శన్ ధారావాహికగా తీశారు. ‘వరద’ కథలో కృష్ణమ్మ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు, ఆకలి ముందు మనుషుల మధ్యనున్న హెచ్చుతగ్గులు కొద్దిసేపైనా కరిగిపోతాయి. అంతటి విషయాన్ని ఒక్క మునకకూ మరొక మునకకూ మధ్య చదివి ముగించవచ్చు. నలుగురు కలిసి వెళ్ళినప్పుడు ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవారు వినడానికి కూడా ఇవి చక్కగా అమరుతాయి. అయితే ఒక లోపం చెప్పక తప్పదు. ఈ కథలను ఒకదాని వెంట ఒకటిగా పది చదివితే, ముగింపులో గుండెను తడిపే ఆ పద్ధతి ముందే తెలిసిపోతుంది. పదకొండో కథకు దక్కవలసిన తడి దక్కదు. పూటకు రెండు మూడు చాలు.

నా ఓటు మాత్రం మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగానికే. 1924లో వెలువడిన ఈ పుస్తకంలో, మొగల్తూరు కుర్రవాడొకడు బారిస్టరు చదువుకోసం ఇంగ్లండుకు బయలుదేరి, దారిపొడవునా తాను పడిన పాట్లన్నీ తన నోటితోనే చెబుతాడు. ఊరు దాటితే లోకమెలా ఉంటుందో తెలియకపోవడం ఒక వంతయితే, తెలియదని ఒప్పుకోకపోవడం రెండో వంతు. హాస్యమంతా ఈ రెండింటి నడుమనే పుడుతుంది. మద్రాసులో టోపీ కొనే ఘట్టమే చూడండి. దొరలా కనిపించాలన్న ఉత్సాహంతో అతడు ఎంచుకున్నది ఆడవాళ్ళ టోపీ. చుట్టూ ఉన్నవారు ఎందుకు నవ్వుతున్నారో అతనికి బోధపడదు, మనకు మాత్రం పేజీ తిప్పకముందే బోధపడుతుంది. ఆ ఘట్టం ముగియగానే పుస్తకం మూసి నీళ్ళలోకి దిగినా నష్టం లేదు, ఎందుకంటే తరువాతి అవస్థ మరొక చోట, మరొక మనిషితో మొదలవుతుంది. నవల గనుక పాత్రతో చనువు పెరుగుతూనే ఉంటుంది, అయినా ఘట్టాలుగా విడివిడిగా ఉంది గనుక కథల సంపుటిలా మధ్యలో ఆపనిస్తుంది. పైగా కథలో ఓడ ఉంది, దాటవలసిన సముద్రమూ ఉంది. రెండు, మూడు భాగాలు చాలా ఏళ్ళ తరువాత వచ్చాయి. వాటిలో చదువూ, ప్రేమా, స్వదేశానికి తిరిగి రావడమూ చేరి కథ నెమ్మదిస్తుంది. మూడూ ఒకే సంపుటిగా దొరికినా ఒడ్డున మొదటిదానితో ఆగడమే మంచిది.

విశాఖ వెళుతూ రావిశాస్త్రిని ఎందుకు వదిలేశారని ఎవరైనా అడగవచ్చు. ఆ ఊళ్ళోనే వకీలుగా పనిచేసిన ఆయన ‘ఆరు సారా కథలు’ ఎన్నిసార్లయినా చదవదగ్గవే. కానీ ఆ వాక్యాల వెనుకనున్న చురకనూ, ఉత్తరాంధ్ర యాసలోని నుడికారాన్నీ పట్టుకోవాలంటే మనసంతా అక్కడే పెట్టాలి, గాలిలో ఎగిరే పేజీని బొటనవేలితో అదిమి పట్టుకుని చదివేవాడికి అది సాధ్యం కాదు.

ఇక గట్టి అట్ట ప్రతి కంటే మామూలు అట్ట ప్రతి నయం, ఎందుకంటే ఇసుక పుస్తకం వెన్ను దగ్గర చేరి జిగురు విడిపోయినా బాధ తక్కువ. ఫోనులో చదువుదామనుకునేవారికి ఎండలో తెర కనిపించదు. మన తీరం తూర్పుముఖంగా ఉండడంవల్ల ఉదయం సముద్రంవైపు తిరిగి కూర్చుంటే ఎండ నేరుగా కళ్ళలో పడుతుంది. సాయంత్రం పొద్దు వీపు వెనక్కి వాలుతుంది గనుక వెలుతురు పేజీమీద సరిగ్గా పడుతుంది. పార్వతీశాన్ని నాలుగు గంటల తరువాత తెరవండి, ముంత మసాలా తిన్న చేతులు మాత్రం ముందు కడుక్కోండి.