నాలుగేళ్లుగా వాడుతున్న స్కూబా రెగ్యులేటర్: రుషికొండలో అది పాడైన రోజు

విశాఖలో నాలుగేళ్లుగా ఇదే రెగ్యులేటర్‌తో (సిలిండర్‌లోని గాలి ప్రెషర్ తగ్గించి పీల్చుకోవడానికి అందించే పరికరం) డైవింగ్ చేస్తున్నాను, ఎక్కువగా రుషికొండ దగ్గర, అప్పుడప్పుడు మంగమారిపేట వైపు. లాగ్‌బుక్‌లో 130 డైవ్‌లు దాటాయి. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే జరిగినదాంట్లో తప్పు వస్తువుది కాదు, నాది.

గాలి హాయిగా వస్తుంది, లోతుకి వెళ్లినా పీల్చడానికి కష్టపడక్కర్లేదు. మౌత్‌పీస్ మాత్రం ఏడాదికే చిరిగిపోయింది, మార్చుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి. మార్చి నెల, నీళ్లు పచ్చగా ఉన్నాయి, నాలుగైదు మీటర్ల దాకా కనిపిస్తోంది. బోటు మీద సిలిండర్ తెరిచి చూస్తే అంతా బాగానే ఉంది, ఓ నాలుగు నిమిషాలయ్యాక సెకండ్ స్టేజ్‌లోంచి, అంటే నోట్లో పెట్టుకునే భాగంలోంచి, సన్నగా స్స్ అని చప్పుడు మొదలైంది. గాలిని బయటికి వదిలే పర్జ్ బటన్ దాని మీదే ఉంటుంది, ఒకసారి నొక్కి వదిలితే ఆగింది. అంతకుముందు రెండు డైవ్‌ల్లోనూ ఇంతే. "ఏంటి బావా ఆ చప్పుడు?" అని మా బావమరిది అడిగితే "ఏం లేదురా, ఇసుకేమో" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

14 మీటర్ల దగ్గర, గేజ్‌లో సిలిండర్ ప్రెషర్ 110 బార్ ఉండగా గాలి ఒక్కసారిగా ఎగదన్నింది. ముఖం ముందు బుడగలు తప్ప ఏమీ కనపడలేదు. రెగ్యులేటర్ చెడితే గాలి ఆగిపోతుందని చాలామంది భయం, కానీ పాడైనా వాల్వ్ తెరుచుకునేలాగే దాన్ని తయారుచేస్తారు. ఊపిరి అందుతుంది, సిలిండర్ మాత్రం నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ట్రైనింగ్‌లో నేర్పినట్టు పెదాలు బిగించకుండా, ఎక్కువైన గాలిని పక్కనుంచి పోనిచ్చి, కావాల్సినంతే పీల్చాను. టెన్షన్‌లో పెదాలు వాటంతటవే బిగుసుకుంటాయి, అందుకే దీన్ని ఏటా ఒకసారైనా ప్రాక్టీస్ చేయాలి. బావమరిది తన పసుపు ఆక్టోపస్ (తోటి డైవర్ కోసం ఉంచే అదనపు సెకండ్ స్టేజ్) అందించి, నా సిలిండర్ వాల్వ్ కట్టేశాడు. అప్పటికి గేజ్ 60 చూపిస్తోంది, మొత్తం కలిపి ఒక్క నిమిషం అయ్యుంటుంది. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, ఊపిరి బిగపట్టకుండా, నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకొచ్చాం. వాడి సిలిండర్‌లో గాలి బాగానే ఉంది కాబట్టి 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాం కూడా.

సర్వీస్‌కి ఇస్తే విప్పి చూపించారు. ఫస్ట్ స్టేజ్‌లోని, అంటే సిలిండర్‌కి బిగించే భాగంలోని, సీటు (వాల్వ్‌ని మూసే బిళ్ల) అరిగి గాడి పడింది, ఫిల్టర్ మీద పచ్చటి చిలుము. డైవ్ అయ్యాక ఫస్ట్ స్టేజ్ మూతని (డస్ట్ క్యాప్) తుడవకుండా తడితోనే బిగించేవాణ్ణి, ఆ ఉప్పునీరే లోపలికి వెళ్లింది. సీటు సరిగ్గా మూసుకోక, 9.5 బార్ దగ్గర ఆగాల్సిన మధ్య ప్రెషర్ (ఫస్ట్ స్టేజ్ నుంచి సెకండ్ స్టేజ్‌కి వెళ్లే గాలిది) మెల్లగా పాకుతూ 13 దాకా వెళ్తోంది. అంత ప్రెషర్‌ని సెకండ్ స్టేజ్ ఆపలేదు. ఏడాదికోసారి చేయించాల్సిన సర్వీస్ నేను రెండేళ్లుగా చేయించలేదు, కిట్ చెన్నై నుంచి రావాలి, ఖర్చు, సీజన్ పోతుంది అని వాయిదా వేస్తూ వచ్చాను.

అప్పుడే తెలిసిన విషయం ఒకటి రాయాలి. సిలిండర్ తెరవగానే చప్పుడొస్తే చాలావరకు లోపం సెకండ్ స్టేజ్‌లో ఉంటుంది. కొన్ని నిమిషాలాగి మొదలైతే ఫస్ట్ స్టేజ్‌ని అనుమానించాలి. పర్జ్ నొక్కితే పేరుకున్న ప్రెషర్ దిగిపోయి చప్పుడు ఆగుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. నేను మోసపోయింది అక్కడే.

కొనొచ్చా అంటే కొనండి, సర్వీస్ తర్వాత ఇప్పటికీ నేను వాడుతున్నది ఇదే. ధరతోపాటు ఏటా సర్వీస్ ఖర్చు కూడా లెక్కేసుకోండి, బీసీడీ (నీళ్లలో తేలడానికి గాలి నింపుకునే జాకెట్) పైపుకి తగిలించి ఆ మధ్య ప్రెషర్ చూసుకునే చిన్న గేజ్ ఒకటి తీసుకోండి. బోటెక్కే ముందు దాన్ని తగిలించి ఐదు నిమిషాలు చూస్తున్నాం, నేనూ బావమరిదీ ఇద్దరం. పోయిన ఆదివారం సూది 9.5 దగ్గర కదలకుండా నిలబడింది, అప్పుడు దిగాం.