నాలుగేళ్ల వినైల్ నేల: మా విజయనగరం ఇంట్లో నిలిచినవీ, లేచినవీ

మా అమ్మ ఇప్పటికీ దీన్ని ‘అట్ట’ అనే అంటుంది. 2021 ఫిబ్రవరిలో విజయనగరంలోని మా ఇంట్లో హాలుకీ రెండు పడక గదులకీ వినైల్ పలకలు (చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పలకలు) వేయిస్తుంటే గుమ్మంలో నిలబడి, “ఏటిరా, బంగారంలాంటి మొజాయిక్ మీద అట్టలు పరిచీస్తున్నావా?” అంది. నాలుగేళ్లు దాటింది. ఆ అట్ట మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. కాకపోతే షాపువాళ్లు చెప్పిన కారణాలు వేరు, నాకు నచ్చిన కారణాలు వేరు.

బంగారంలాంటి ఆ మొజాయిక్ ముప్పై ఏళ్ల కిందటిది. హాల్లో రెండు చోట్ల పగిలింది. వానాకాలంలో చెమ్మ పట్టి జారేది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ గోడ పట్టుకుని నడుస్తుంటే చూసే నాకే టెన్షన్. తవ్వి టైల్స్ వేయిద్దామంటే ఇల్లు ఖాళీ చెయ్యాలి. తవ్వకుండా మీదే వేస్తే నేల పైకి లేచి, తలుపులన్నీ అడుగున కోయించాలి. వినైల్ పలక మొత్తం మందం 5 మిల్లీమీటర్లే. నన్ను మొదట పడగొట్టింది అదే.

మా వడ్రంగి మాత్రం లామినేట్ వెయ్యమన్నాడు. చూడ్డానికి రెండూ ఒకటే, రెండింటి మీదా టేకు బొమ్మే. లోపలి సరుకు వేరు. లామినేట్ లోపల చెక్కపొడిని అదిమి చేసిన బోర్డు ఉంటుంది. షాపులో ఎస్‌పీసీ అని అమ్మే వినైల్ లోపల సున్నపురాయి పొడీ, పీవీసీ ఉంటాయి. రెండింటి శాంపిల్ ముక్కలూ తెచ్చి మూడు రోజులు బకెట్లో నానబెట్టాను. లామినేట్ ముక్క అంచులు టీలో ముంచిన రస్కులా ఉబ్బాయి. వినైల్ ముక్కకి ఏమీ కాలేదు. చెదలు బాగా తెలిసిన ఇల్లు మాది, ఇక వేరే ఆలోచన పెట్టుకోలేదు.

విశాఖలో నాలుగు షాపులు తిరిగాను. అందరూ మందం గురించే చెప్పారు: నాలుగు, ఐదు, ఆరు మిల్లీమీటర్లని. అసలు అడగాల్సింది పైన ఉండే పారదర్శకమైన పొర ఎంత అని. దాన్నే వేర్ లేయర్ అంటారు. కాలి రాపిడీ, కుర్చీ ఈడ్పులూ కాచుకునేది అదే. దాని కింద ఉన్నది ఉత్త అచ్చు బొమ్మ. ఆ పొర అరిగి బొమ్మ దాకా వస్తే, మొజాయిక్‌కి పట్టించినట్టు మళ్లీ పాలిష్ పట్టించే వీలుండదు. 0.3 మిల్లీమీటర్లదీ 0.5దీ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు, బిల్లులో మాత్రం చదరపు అడుగుకి 22 రూపాయలు తెలిసింది. 0.5దే తీసుకున్నాను. ఈరోజుకి వీధి తలుపు దగ్గర మెరుపు కొంచెం తగ్గింది, అంతే. ఇంకోటి చూసుకోలేదు, ఇప్పుడు బాధపడుతున్నాను: ఒక పెట్టెలో ఎన్ని రకాల బొమ్మలున్నాయో. మా దాంట్లో నాలుగే. టేకు ముడి ఒకటి కన్నులా ఉంటుంది, హాల్లో సోఫాలో కూర్చుంటే ఆ కన్ను పదకొండు చోట్ల నుంచి నన్నే చూస్తుంది.

ఖర్చు చెప్పేస్తాను. మాకు 420 చదరపు అడుగులు. తరుగుకి పదో వంతు కలిపితే 20 పెట్టెలు పట్టాయి, అంటే 472 అడుగులు. పన్నుతో కలిపి అడుగుకి 135 చొప్పున 63,720 రూపాయలు. పరిచిన కూలీ 8,400, గోడల అడుగున బిగించే స్కర్టింగూ గుమ్మాల దగ్గర పట్టీలూ 6,500, ట్రాలీ ఆటో 1,800. నేల మట్టం చేయించడానికి ఇంకో 11,000 అయింది. ఈ చివరి లెక్క ఏ కొటేషన్‌లోనూ లేదు. ఫ్లోరింగ్ అంతటికీ ప్రాణం మాత్రం అదే.

ఈ పలకల్ని నేలకి అంటించరు. ఒకదాని అంచులోకి ఇంకోటి బిగిసి, గదంతా ఒకే చాపలా నేల మీద ఊరికే కూర్చుంటుంది. చాప కింద పల్లం ఉంటే అడుగు వేసినప్పుడల్లా పలక కిందికి దిగి లేస్తుంది, కొన్నాళ్లకి ఆ బిగింపు విరుగుతుంది. మా మేస్త్రీ ఆరడుగుల అల్యూమినియం బద్ద తెచ్చి నేల మీద ఆనిస్తే, హాలు మధ్యలో దాని కింద నుంచి పెన్సిలు దూరింది. ఉండాల్సింది 3 మిల్లీమీటర్లకి మించని తేడా. హాలుకి లెవెలింగ్ పోయించాను. చిన్న గది బాగానే ఉందిలే అని వదిలేశాను. ఏడాదిన్నరకి ఆ గదిలోనే, బీరువా ముందు, అడుగేస్తే టపటపమని శబ్దం మొదలైంది. రెండు పలకల మధ్య గోరు దూరేంత సందు. మూడు వరసలు విప్పి, పల్లం పూడ్చి, విరిగిన వాటి బదులు కొత్తవి వేయాల్సి వచ్చింది.

చెమ్మ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. మాది కింది ఇల్లు. రెండడుగుల పాలిథిన్ ముక్క నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపు వేసి, ఒక రోజంతా వదిలేశాను. జులైలో చేస్తే లోపల నీటి చుక్కలు పట్టాయి. పని ఆపేసి మళ్లీ ఫిబ్రవరిలో చేశాను, పొడిగా ఉంది. అయినా మందపాటి పాలిథిన్ షీటు పరిచాకే పలకలు వేయించాను. పరిచేవాళ్లు పెట్టెలు దించీ దించగానే మొదలెట్టేస్తామన్నారు. పట్టుబట్టి రెండు రోజులు గదిలోనే పడుకోబెట్టించాను, ఇంటి వేడికి అలవాటు పడాలి కదా.

అంత జాగ్రత్త పడ్డవాడిని ఒక చోట మోసపోయాను. గోడ చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఎండకి పలక సాగుతుంది, సాగడానికి చోటు కావాలి. గోడల దగ్గర వదిలారు, స్కర్టింగ్ కింద కనబడదు. దేవుడి గది గ్రానైట్ గడప దగ్గర మాత్రం సందు కనిపిస్తే బాగోదని పలకని గడపకి ఆనించేశారు. చూసి నేనే ‘బాగుంది’ అన్నాను. ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం భోజనం చేస్తుంటే టప్‌మని చప్పుడు. పడమటి కిటికీ ఎండ నేరుగా పడే చోట రెండు పలకలు తలా తలా ఆనించుకుని, పుస్తకం తెరిచి బోర్లించినట్టు లేచి ఉన్నాయి. పరిచినవాళ్లకి ఫోన్ చేస్తే “అది ఎండ వల్ల సార్, మాది కాదు” అన్నారు. మా వడ్రంగే వచ్చి గడప వెంట 8 మిల్లీమీటర్లు కోసి పట్టీ బిగించాడు. సాయంత్రానికి పలకలు వాటంతటవే పడుకున్నాయి. కిటికీకి మందపాటి కర్టెన్ ఆ రోజు నుంచే.

ఇక ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట. పలక వరకూ నిజమే, నేలకి కాదు. మన ఇళ్లలో శుక్రవారానికి ముందు బకెట్ నీళ్లు కుమ్మరించి చీపురుతో తోసే అలవాటు ఉంది. ఆ నీళ్లు గోడ వారగా వదిలిన ఖాళీలోంచి కిందికి దిగితే పైకి వచ్చే దారి లేదు, ముక్క వాసన పట్టుకుంటుంది. గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడవాలి, అంతే. అమ్మ చేత ఈ అలవాటు మాన్పించడానికి నాకు ఏడాది పట్టింది. రోజూ నేల కడిగితే గానీ తోచని ఇంటికి నేను దీన్ని చెప్పను.

మరకల్లో పసుపు వెంటనే తుడిస్తే పోయింది. పోనిది రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్ వల్ల వచ్చింది. ఆరు నెలలకి మ్యాట్ ఎత్తితే కింద దాని ఆకారంలోనే పసుపు రంగు మచ్చ, దేనితో రుద్దినా పోలేదు. రబ్బరు వినైల్‌తో కలిసి అలా చేస్తుందట, షాపులో ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు అక్కడ నూలు పట్టా వేశాం. అగరబత్తీ నిప్పు రాలి మినపగింజంత నల్ల మచ్చ కూడా ఒకటుంది. మిగిలిన పలకలు మంచం కింద దాచాను గనక మార్చొచ్చు. అయితే గోడ వైపు నుంచి అక్కడి దాకా వరసలన్నీ విప్పాలి. ఆ మచ్చ అలా ఉండనీ అనుకున్నాను.

వానాకాలంలో నేల చెమ్మగిల్లడం లేదు, అమ్మ గోడ పట్టుకోకుండా నడుస్తోంది. మళ్లీ చేయించాల్సి వస్తే ఇదే వేయిస్తాను, ఈసారి అన్ని గదులకీ బద్ద ఆనించి చూశాకే. మొజాయిక్‌కున్న చల్లదనం మాత్రం దీనికి రాదు. మే నెల వచ్చిందంటే మధ్యాహ్నం అన్నం తినగానే అమ్మ దిండు చంకన పెట్టుకుని వెనక వరండాలోకి పోయి పడుకుంటుంది. అక్కడ ఇంకా పాత నేలే ఉంది.