ఇండియా కోడ్ సైట్: రాజకీయ మీమ్ పెట్టేముందు చూడాల్సిన పేజీ

రాజకీయ మీమ్ పేజీలు, వ్యంగ్య వీడియోల ఛానళ్లు నడిపేవాళ్లకి చట్టాల పూర్తి పాఠాలు దొరికే కేంద్ర ప్రభుత్వపు ఇండియా కోడ్ వెబ్‌సైట్ నిజంగా పనికొస్తుంది. పైసా కట్టక్కర్లేదు. ఐపీసీ (పాత భారత శిక్షాస్మృతి) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (2023లో 45వ చట్టం) వెతికి, సెక్షన్ 356 తెరిస్తే పరువు నష్టం నేరం నిర్వచనం, వివరణలు, మినహాయింపులు అక్కడే ఉంటాయి. చాలామంది ఇంకా 499 కోసం వెతుకుతారు. అది పాత ఐపీసీ నంబరు. 2024 జులై 1 నుంచి పెట్టిన పోస్టులకి 356 చూడాలి.

వాట్సాప్‌లో తిరిగే ముక్కల్లో లేనివి ఇక్కడి వివరణలూ ఉదాహరణలూ. ‘వెటకారంగా అన్నాం, కేసు నిలవదు’ అనుకునేవాళ్లు మూడో వివరణ తప్పక చదవాలి: ఎత్తిపొడుపుగా అన్నమాట కూడా పరువు నష్టం కావచ్చు. ‘ఫలానా ఆయన నిజాయితీపరుడు, వాచీ ఎప్పుడూ దొంగిలించలేదు’ అని, దొంగేనని జనం నమ్మాలనే ఉద్దేశంతో అంటే నేరమే. వాచీతో పారిపోతున్నట్టు బొమ్మ గీసినా అంతే. 1860 నాటి ఐపీసీ ఉదాహరణలివి, ఇవాళ్టి ఫొటోషాప్ మీమ్‌కి అచ్చంగా సరిపోతాయి.

మినహాయింపులు పది. మొదటిదాని ప్రకారం నిజం ఒక్కటే చాలదు, ప్రజాహితం కూడా ఉండాలి. రెండోది మీమ్ పేజీలకి ప్రాణం: ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ మీద సద్భావంతో చెప్పే అభిప్రాయం. గుంతల రోడ్డు చూపించి మంత్రి పనితీరుని ఆటపట్టించడం దీని కిందికి రావచ్చు. ‘ఆ రోడ్డులో ఇంత కమీషన్ తిన్నాడు’ అంటే అభిప్రాయం కాదు, ఆరోపణ. చేతిలో కాగితాలు ఉండాలి.

లోటు ఎక్కడంటే, 356 దగ్గరే ఆగితే సగమే తెలుస్తుంది. సాధారణంగా బాధితుడే మేజిస్ట్రేట్‌కి ఫిర్యాదు చేసుకోవాలని, పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టకూడదని తెలియాలంటే పోలీసు, కోర్టు ప్రక్రియల చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 222, మొదటి షెడ్యూలు విడిగా వెతుక్కోవాలి. అందుకే పోస్టుల మీద ఎఫ్ఐఆర్ వస్తే అందులో న్యాయ సంహితలోని 353 (జనంలో అలజడి రేపే మాటలు), 196 (వర్గాల మధ్య వైరం పెంచడం) లాంటి వేరే సెక్షన్లు కనిపిస్తాయి. వాటినీ చదివి ఉంచుకోవాలి. సివిల్ దావాకి ఏడాది గడువని చెప్పేది లిమిటేషన్ చట్టం.

తీర్పులు ఈ సైట్‌లో ఉండవు. క్రిమినల్ పరువు నష్టాన్ని సమర్థించిన 2016 సుప్రీంకోర్టు తీర్పు ఆ కోర్టు తీర్పుల సైట్ ఈ-ఎస్‌సీఆర్‌లో దొరుకుతుంది. సోషల్ మీడియా పోస్టుల మీద ఎఫ్ఐఆర్‌కి ముందు పోలీసులు ఏం చూడాలో 2025 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పిన తీర్పు కోసం ఈ-కోర్ట్స్ తీర్పుల సైట్‌కి వెళ్లాలి.

రేటింగ్: 5కి 4.