పిల్లల తొలి కవిత ఎందులో? వచన కవితా, నానీయా, ఆటవెలదా, ద్విపదా?

సెప్టెంబర్ 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ వారం వచ్చిందంటే వరంగల్, హన్మకొండ బడుల్లో ‘కవిత రాసుకుని రండి’ అని పిల్లలకు చెప్పి పంపుతారు. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లలకు అదో టెన్షన్. ఇంట్లోవాళ్లకు ఇంకా ఎక్కువ, రాత్రి పదింటికి కూర్చుని రాసేది చాలాసార్లు వాళ్లే కాబట్టి. ఎలాంటి కవిత రాయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

నా ఓటు ద్విపదకు, అంటే రెండు పాదాల పద్యానికి. పాతకాలపు ఛందస్సు ఇప్పుడెందుకు అనేవాళ్ల కోసం ఒకే విషయాన్ని, అంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చిని, వేర్వేరు రకాల్లో పెట్టి చూద్దాం.

అందరూ ముందు పట్టుకునేది వచన కవిత. గణాలు, అంటే గురువు (పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరం), లఘువు (తక్కువ సేపు పట్టేది) కలిసిన గుంపులు, లేవు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కలిసే అక్షరం, లేదు. కాళోజీ ‘నా గొడవ’ చదివితే ఇంట్లో మాట్లాడే భాషలోనే కవిత రాయొచ్చని పిల్లలకు ధైర్యం వస్తుంది. అది చిన్న సంగతి కాదు. కానీ వాళ్లు రాసుకొచ్చేది ఇలా ఉంటుంది:

మా నాయిన మార్కెట్‌కు పోయిండు
మిర్చి అమ్మిండు
పొద్దుగూకినంక ఇంటికొచ్చిండు

ఇది మూడు ముక్కలు చేసిన వాక్యం, అంతే. కాళోజీ ‘అన్నపు రాసులు ఒకచోట, ఆకలి మంటలు ఒకచోట’ అన్నప్పుడు ‘ఒకచోట’ రెండుసార్లు వచ్చి దెబ్బ కొడుతుంది. రాసుల పక్కన మంటలు, అన్నం పక్కన ఆకలి. ఛందస్సు లేకపోయినా లయ ఉంది. ఆ లయ ఎక్కడ పుడుతుందో తెలియాలంటే చెవి ముందే తయారై ఉండాలి. పన్నెండేళ్ల పిల్లలకు అది ఎక్కడి నుంచి వస్తుంది?

నానీ చూడటానికి ఇంకా తేలిక. ఎన్. గోపి 1997లో మొదలుపెట్టిన రూపం ఇది. నాలుగు పాదాలు, మొత్తం ఇరవైకి తగ్గకుండా, పాతికకు మించకుండా అక్షరాలు.

మార్కెట్లో
ఎర్రటి కుప్పలు
రేటు విన్నాక
నాయిన కళ్లూ అంతే

లెక్కపెట్టండి, ఇరవై ఒకటి. లెక్క కుదరడం కష్టమేం కాదు. మొదటి సగంలో ఒకటి చూపించి, రెండో సగంలో దాన్ని మలుపు తిప్పాలి. ఆ మలుపు దొరక్కపోతే మిగిలేది నాలుగు లైన్ల నీతి వాక్యమే. పోటీలకు వచ్చే నానీల్లో సగం ‘చెట్లు నాటాలి’ దగ్గరే ఆగిపోతాయి. ఐదు, ఏడు, ఐదు అక్షరాల హైకూ సంగతీ దాదాపు ఇంతే.

ఆటవెలది వేమన పుణ్యమా అని అందరి నోటా ఉంది. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు (గురువు–లఘువు లేదా మూడు లఘువులు), రెండు ఇంద్రగణాలు (అంతకంటే పొడవైనవి). రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సరి, బేసి పాదాల నడక వేరు కావడంతో పిల్లలు తడబడతారు. ‘చూడ చూడ రుచుల జాడ వేరు’లో యతి ఎక్కడుందని అడిగితే ఇంకా తికమక. అక్కడున్నది ప్రాసయతి, మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలిసేది: చూడ, జాడ. ఒక చిన్న కిటుకు మాత్రం ఉంది. మకుటం (ప్రతి పద్యం చివరా వచ్చే ఒకే పాదం) ముందే చేసి పెట్టుకుంటే నాలుగో పాదం పని తప్పుతుంది. ‘ఓరుగల్లు బిడ్డ ఒప్పు మాట’, ఐదు సూర్యగణాలు, ఓ–ఒ యతి. ‘బిడ్డ’ పక్కన ‘ఒ’ అనే అచ్చు సంధి కలవకుండా అలా విడిగా ఎలా వస్తుందని పండితులెవరైనా అడిగితే పిల్లల పద్యమని సర్దిచెప్పుకోవచ్చు.

ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలోని సీస పద్యాలు, పోతన వృత్తాలు (ఉత్పలమాల, చంపకమాల లాంటివి) నోటికి రావాల్సినవే. రాయడానికి మాత్రం ఇప్పుడే వద్దు.

ఇక ద్విపద. రెండే పాదాలు. ఒక్కో పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరానికి యతి.

మిరపపండ్లెర్రగా మెరిసేను చూడు
బరువైన బస్తాలు బండెక్కె నేడు

మి–మె, బ–బం యతులు. రెండో అక్షరంలోని హల్లు రెండు పాదాల్లోనూ ‘ర’, అది ప్రాస. ప్రాస కుదరకపోయినా ఫర్వాలేదు, అప్పుడది మంజరీ ద్విపద అవుతుంది. పిల్లలకు ఇంత వెసులుబాటు ఇచ్చే ఛందస్సు ఇంకోటి నాకు కనిపించలేదు.

దీన్ని బతుకమ్మ వరసలో పాడి చూడండి. ‘మిరపపండ్లెర్రగా ఉయ్యాలో, మెరిసేను చూడు ఉయ్యాలో’. ఉయ్యాలో అని ఆగిన వెంటనే వచ్చేదే యతి అక్షరం. చాలా బతుకమ్మ పాటల నడక ద్విపదకు దగ్గరగా ఉంటుంది. యతి అంటే ఏమిటో బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కని పిల్ల, చప్పట్లు కొడుతూ తనే పట్టేస్తుంది. గురువు, లఘువు గుర్తులు తర్వాత పెట్టొచ్చు. పాలకుర్తి సోమనాథుడు బసవపురాణం, పండితారాధ్య చరిత్ర ద్విపదలో రాసింది కూడా మామూలు జనం పాడుకోవాలనే.

అలంకారాల్లోనూ ఇదే వరస మేలు, ముందు చెవికి తెలిసేవి. పోతన గజేంద్రమోక్షంలో ‘అడిగెదనని కడువడి జను’ అనే కంద పద్యం గట్టిగా చదివిస్తే వృత్త్యనుప్రాసకు (ఒకే హల్లు మళ్లీ మళ్లీ రావడానికి) నిర్వచనం అక్కర్లేదు. భర్తను అడుగుదామని లక్ష్మీదేవి గబగబా వెళ్తుంది, చెప్పడేమోనని ఆగుతుంది. వరసగా వచ్చే ఆ ‘డ’లలో తడబడే అడుగులు వినిపిస్తాయి. పైన మన ద్విపదలో చూడు, నేడు అని పాదాల చివర ఒకేలా మోగేది అంత్యానుప్రాస.

ఉపమ దగ్గరే అసలు తంటా. పిల్లలు వెంటనే చందమామ లాంటి ముఖం అని రాసేస్తారు. దాన్ని కొట్టేసి ఊళ్లోదే తెమ్మనండి. ‘మా తాత కోపం చపాటా మిర్చి లాంటిది, ఎరుపెక్కువ, కారం తక్కువ.’ కోపం ఉపమేయం, మిర్చి ఉపమానం, ఎరుపెక్కువ కారం తక్కువ సమానధర్మం, ‘లాంటిది’ ఉపమావాచకం. వరంగల్ చపాటా తెలిసిన పిల్లలకు నాలుగు భాగాలూ ఒక్కసారికే అర్థమవుతాయి. ‘లాంటిది’ తీసేసి ‘తాత కోపం చపాటా మిర్చే’ అంటే రూపకం.

ఓ పది ద్విపదలు రాశాక ఆటవెలదికి వెళ్లొచ్చు. గణాలు విడదీసి చూపే సాఫ్ట్‌వేర్ కూడా ఇప్పుడుంది, కానీ అది తప్పులు దిద్దుకోవడానికే. వచన కవిత, నానీ ఆ తర్వాత. పోటీ రేపే ఉండి, పిల్లలకు ఏమీ రాకపోతే మాత్రం ద్విపద జోలికి పోకండి. వచన కవితే రాయనివ్వండి, ఒక మాటనైనా రెండుసార్లు వాడమని చెప్పి. పెన్ను మాత్రం వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి.