స్కాట్లాండ్‌లో ఎక్కడైనా నడవొచ్చు, గాలం మాత్రం అడిగే వేయాలి

స్కాట్లాండ్‌లో ఎవరి కొండైనా ఎక్కొచ్చు, ఎవరి భూమైనా దాటి నడవొచ్చు అని అక్కడున్న మనవాళ్లు గొప్పగా చెబుతుంటారు. నిజమే. 2003 నాటి భూసంస్కరణ చట్టం ఆ హక్కు ఇచ్చింది, 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఇళ్ల ఆవరణల్లోకి, మొలకెత్తిన పైరులోకి మాత్రం వెళ్లకూడదు. చేపలు పట్టడం, వేట, మోటారు బండి తోలడం కూడా ఆ హక్కులోకి రావు. నీటి ఒడ్డున ఎంతసేపైనా కూర్చోవచ్చు కానీ గాలం వేయాలంటే అక్కడ చేపల హక్కున్నవారి అనుమతి కావాలి. మన ఊరి చెరువు సంగతీ అంతే కదా. కట్ట మీద ఎవరైనా నడుస్తారు, వల వేసే హక్కు మాత్రం మత్స్యకారుల సంఘానిది.

గ్లాస్గోలో ఉండే మా బావకి చేపల పిచ్చి. "పర్మిట్ చేతికొచ్చాకే గాలం సంచి విప్పుదాం" అని బయల్దేరే ముందే చెప్పేశాడు. ఇంగ్లండ్‌లో లాగా గాలం వేయడానికి ప్రభుత్వం ఇచ్చే రాడ్ లైసెన్స్ ఇక్కడ అక్కర్లేదు, సరిహద్దులోని ఎస్క్ నది ఒక్కటే మినహాయింపు. దాంతో అనుమతే అక్కర్లేదనుకునేవాళ్లు చాలామంది. కానీ రాతపూర్వక అనుమతి లేకుండా సాల్మన్ చేప కోసం గాలం వేస్తే అది నేరం.

ముందు లోమండ్ సరస్సు తూర్పు ఒడ్డున రోవర్‌డెన్నన్ యూత్ హాస్టల్‌లో దిగాం. 974 మీటర్ల బెన్ లోమండ్ కొండ పక్కనే, వెస్ట్ హైలాండ్ వే నడకదారి మీదే ఉంటుంది. గదులు సాదాసీదా, వంటగదిలో మనమే వండుకోవచ్చు. నాకు బాగా నచ్చింది తడి బట్టలు ఆరబెట్టుకునే గది. వేడి గాలి వస్తుంటుంది, తాళ్ల మీద రెయిన్‌కోట్లు, కింద వరసగా బురద బూట్లు, ఒకటే సాక్సుల వాసన. కానీ రోజూ వాన పడే చోట మెత్తటి పరుపు కంటే ఆ గదే ముఖ్యం. తర్వాత మేం దిగిన ఒక బీఅండ్‌బీలో (గదితో పాటు పొద్దుటి టిఫిన్ పెట్టే బసలో) గది ముచ్చటగా ఉంది, టిఫిన్ బ్రహ్మాండం, తడి బట్టలు మాత్రం కుర్చీల మీద ఆరేసుకోవాల్సి వచ్చింది. అద్దె చూస్తే హాస్టల్‌కి రెట్టింపు పైనే.

ఇక్కడ టెంట్ వేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మిగతా స్కాట్లాండ్‌లో చిన్న టెంట్‌తో రెండు మూడు రాత్రులు ఉండి, జాడ లేకుండా వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనరు. లోమండ్ సరస్సు ఉన్న ఈ నేషనల్ పార్కులో మాత్రం కొన్ని ఒడ్లకు 2017 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి. మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఆ జోన్లలో పర్మిట్ తీసుకోవాలి, లేదా క్యాంప్‌సైట్‌లో ఉండాలి. కారణం ఒడ్డున చూస్తేనే తెలిసిపోతుంది. వాడి పారేసే రేకు బార్బెక్యూ పెట్టిన చోటల్లా గడ్డి నల్లగా, నలుచదరంగా మాడిపోయి ఉంది. పక్కన బొగ్గు, పగిలిన సీసా ముక్క, రాయికి చుట్టుకున్న గాలం దారం. ఆ దారం బాతు కాలికి చుట్టుకుంటే ఇక దాని పని అయిపోయినట్టే. బావా నేనూ దొరికినంత ఏరి కవర్లో వేసుకున్నాం. అంత అందమైన ఒడ్డును అలా వదిలేసి పోవడానికి మనసెలా ఒప్పిందో నాకు అర్థం కాదు.

ఎర విషయంలో కూడా లోమండ్‌కి ఒక చేదు కథ ఉంది. పైక్ చేపలకు ఎరగా తెచ్చిన రఫ్ అనే చిన్న చేపలు 1980లలో ఈ సరస్సులో కనిపించి, విపరీతంగా పెరిగాయి. అవి పోవన్ అనే చేప గుడ్లను తినేస్తాయి. పోవన్ సహజంగా ఉండేది స్కాట్లాండ్ మొత్తం మీద ఈ సరస్సులోనూ, ఎక్ సరస్సులోనూ మాత్రమే. బతికున్న చేపను ఎరగా వాడటం ఇప్పుడు నిషేధం. వేరే నీళ్లలో వాడిన వల, బూట్లు కడిగి ఆరబెట్టాకే ఇక్కడ దింపమనేది కూడా అందుకే.

గాలం కోసమే వెళ్లేవాళ్లకు నా ఓటు టే సరస్సు పడమటి కొసనున్న కిల్లిన్ ఊరికే. చిన్న ఊరు, పర్మిట్ ఎక్కడ దొరుకుతుందో అడిగితే ఎవరైనా చెబుతారు. మాకు కాగితం ఇచ్చిన దుకాణంలోని పెద్దావిడ మ్యాప్ మీద పెన్నుతో గీత గీసి, ఎక్కడిదాకా మా హద్దో చూపించింది. ఏ చేపకు ఇచ్చారు, ఏ ఎర వాడొచ్చు అన్నది కూడా అక్కడే అడిగేయండి. ట్రౌట్ పర్మిట్‌తో సాల్మన్ పట్టకూడదు. అనుకోకుండా పడితే నీళ్లలోనే ఉంచి, తడి చేత్తో కొక్కెం తీసి వదిలేయాలి.

తేదీలు చూసుకునే సెలవు పెట్టండి. బ్రౌన్ ట్రౌట్ మార్చి 15 నుంచి అక్టోబర్ 6 వరకే. టే మీద సాల్మన్ సీజన్ జనవరి 15న మొదలవుతుంది కానీ ఏప్రిల్ 1 లోపు పట్టిన సాల్మన్‌ను వదిలేయాల్సిందే. స్కాట్లాండ్‌లో ఎక్కడా ఆదివారం సాల్మన్ పట్టకూడదు, కాబట్టి వారాంతం చూసుకుని వెళ్తే ఒక రోజు పోయినట్టే. జూన్ నుంచి ఆగస్టు దాకా మిడ్జ్ దోమల బాధ ఉంటుంది. నన్నడిగితే మే నెల మంచిది. సోమవారం నుంచి శనివారం దాకా గాలం, ఆదివారం కిల్లిన్‌లోని డాకర్ట్ జలపాతం వంతెన దగ్గర కాసేపు నిలబడి, ఆపైన కొండదారి. దారిలో గేటు మూసి ఉంటే దాటాక మళ్లీ మూసేయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి. ఏప్రిల్, మే నెలల్లో గొర్రె పిల్లలుంటాయి, కుక్కను తీసుకెళ్తే గొర్రెలున్న చోటికి పోకుండా వేరే దారి చూసుకోండి.