గ్రిల్ మీద బంగాళాదుంప: పచ్చి ముక్కలా, ఫాయిల్ పొట్లమా, ఉడికించి కాల్చడమా?

వేసవి వారాంతాల్లో అమెరికా పార్కుల్లో తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు గ్రిల్ దగ్గర శ్రద్ధంతా చికెన్‌కే దక్కుతుంది. దానికి ముందు రోజు రాత్రే పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి నానబెడతారు. బంగాళాదుంపలను మాత్రం పార్కుకు వచ్చాక బల్ల మీద గబగబా తరిగి, కారం చల్లి, కమ్మీల మీద పడేస్తారు. పైన మాడి, లోపల పచ్చిగా ఉన్న ఆ ముక్కలను ఎవరూ రెండోసారి వడ్డించుకోరు. శాకాహారులకు ఆ పూట దొరికేవి మొక్కజొన్న పొత్తులూ ఈ దుంపలే కాబట్టి, వాటిని సరిగ్గా కాల్చి పెట్టడం వచ్చినవాళ్లకు ఇచ్చే మర్యాద.

పచ్చి ముక్కలను నేరుగా కాల్చడంలోని చిక్కు చూడండి. దుంప మెత్తబడాలంటే ముక్క నడిమధ్య వేడి ఇంచుమించు 200 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరాలి. కమ్మీల వేడి దానికి రెట్టింపు దాటి ఉంటుంది. దుంపలో వేడి నెమ్మదిగా పాకుతుంది కనుక లోపల ఉడికేలోపు పైన నల్లబడుతుంది. ముక్కలు పావు అంగుళం మందానికి మించకుండా కోసి, బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, నిప్పు లేని వైపు మూత పెట్టి ఉడకనిచ్చి, చివర్లో నిప్పుల మీదకు జరిపితే పని జరుగుతుంది. కానీ అంతసేపూ ఒకరు అక్కడే నిలబడాలి. పదిమందికి మించి ఉంటే ఈ దారి వద్దు.

ఫాయిల్ పొట్లం ఎక్కువమందికి అలవాటైన పద్ధతి. అంగుళం ముక్కలు, ఉల్లిపాయ, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు, వెన్న లేదా నూనె, ఉప్పు, మిరియాల పొడి వేసి రెండు పొరల ఫాయిల్‌లో చుట్టి, మధ్యస్థమైన మంట మీద అరగంట ఉంచి, మధ్యలో ఒకసారి తిప్పితే చాలు. మాడుతుందన్న భయం తక్కువ. పొట్లాలు ఇంట్లోనే కట్టి తీసుకెళ్లవచ్చు. అయితే లోపలి ముక్కలు సొంత ఆవిరిలో మగ్గుతాయి గానీ కాలవు. రుచి బాగానే ఉంటుంది, కానీ ఆ రుచి పొయ్యి మీద మూత పెట్టి చేసిన వేపుడుకూ వస్తుంది. దానికోసం బొగ్గులు రాజేయనక్కర్లేదు. కాస్తయినా ఎర్రబడాలంటే పొట్లంలో ముక్కలను ఒకే వరుసగా పరచండి. చివరి ఐదు నిమిషాలు పొట్లం విప్పి ఉంచండి. విప్పేటప్పుడు ఎగిసే ఆవిరి చేతిని కాలుస్తుంది, జాగ్రత్త.

ఫాయిల్ నిజంగా అవసరమయ్యే చోటు ఒకటుంది. పార్కులో ఉన్నది ఒకే గ్రిల్, దాని మీద అప్పుడే చికెన్ కాల్చారు. అలాంటప్పుడు మాంసం తగిలిన కమ్మీల మీద కాల్చినది తినని పెద్దవాళ్లు మనలో చాలామంది ఉంటారు. అడిగి ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక వాళ్లు తెచ్చుకున్న పులిహోరతోనే సరిపెట్టుకుంటారు. వాళ్లకోసం పొట్లం కట్టాల్సిందే. ఆ పూట కరకరలాడకపోయినా పర్వాలేదు.

పొట్లంతో ఒక ప్రమాదం కూడా ఉంది. 1994లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో ఒక రెస్టారెంట్లో ఫాయిల్‌లో కాల్చిన దుంపలను రోజుల తరబడి బయటే ఉంచి, తర్వాత వాటితో నంజుకునే వంటకం చేశారు. అక్కడ తిన్నవాళ్లలో 30 మంది బొటులిజం బారిన పడ్డారు; ఒక సూక్ష్మజీవి వదిలే విషంతో నరాలు చచ్చుబడే జబ్బు అది. మట్టిలో ఉండే ఆ సూక్ష్మజీవి బీజాలు కాల్చినా చావవు. ఫాయిల్ లోపల గాలి ఆడదు, తడి ఉంటుంది, వాటికి అదే కావాలి. అందుకే మిగిలిన పొట్లాలను అలాగే వదిలేయకుండా విప్పి, వెంటనే ఐస్ పెట్టెలో పెట్టండి. వండిన ఏ పదార్థమైనా బయట రెండు గంటలకు మించి ఉండకూడదని, ఎండ 90 డిగ్రీలు దాటితే ఒక గంటే హద్దని అమెరికా ఆహార భద్రతా నియమాలు చెబుతాయి. జులైలో డల్లాస్‌లో ఉండేవాళ్లు గంట లెక్కే గుర్తుపెట్టుకోవాలి.

నా ఓటు మూడో పద్ధతికి: ముందు ఉడికించి, తర్వాత కాల్చడం. తొక్కతోనే అర అంగుళం మందాన చక్రాలుగా కోసి, చల్లటి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే అంచులు విడిపోయినా మధ్య గట్టిగానే ఉంటుంది. లీటరుకు ఒక పెద్ద చెంచా ఉప్పు వేస్తే ముక్క లోపలికీ రుచి పడుతుంది. ఇంకో చెంచా వెనిగర్ కలిపితే ముక్కలు చిదిరిపోవు. మరుగు వచ్చాక ఏడెనిమిది నిమిషాలకు చాకు మొన గుచ్చి చూడండి. సులువుగా దిగి, నడుమ కొంచెం అడ్డు తగలాలి. అప్పుడే వార్చి, బట్ట మీద పరచి ఆవిరి పోనివ్వండి. తడి ఉన్నంతసేపూ ముక్క ఎర్రబడదు.

ఈ పని ముందు రోజు సాయంత్రమే ముగించవచ్చు. ఉడికిన ముక్కలు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే పిండి పదార్థం గట్టిపడి, మర్నాడు కమ్మీల మీద విరగవు. పచ్చి దుంపలను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి వాటి పిండి చక్కెరగా మారి, నిప్పు తగలగానే త్వరగా నల్లబడతాయి.

పార్కులో ఇక మిగిలేది పది నిమిషాల పని. నూనె కమ్మీలకు కాదు, ముక్కలకే పట్టించండి. వేడెక్కిన కమ్మీల మీద పెట్టాక నాలుగు నిమిషాలు కదపకండి. అడుగు ఎర్రగా గట్టిపడితే ముక్క దానంతటదే ఊడి వస్తుంది. పట్టుకుని వేలాడుతోందంటే ఇంకా కాలలేదని అర్థం, గరిటెతో గీకితే ఆ ఎర్రటి పొరంతా కమ్మీలకే అంటుకుపోతుంది. పిల్లలు ఎక్కువగా ఉంటే చిన్న దుంపలను ఇలాగే ఉడికించి పుల్లలకు గుచ్చండి. అన్నీ ఒక్కసారే తిప్పవచ్చు, కమ్మీల సందుల్లోంచి జారవు. చెక్క పుల్లలైతే ముందు అరగంట నానబెట్టాలి.

దుంపల రకం తప్పితే ఈ శ్రమంతా వృథా. చౌకగా దొరికే పెద్ద సంచుల్లోని రస్సెట్ దుంపల్లో పిండి ఎక్కువ. ఉడికితే పొడిపొడిగా రాలిపోతాయి. ఫాయిల్‌లో ఫర్వాలేదు గానీ కమ్మీల మీద నిలవవు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో రూపొంది 1980లో బయటికొచ్చిన యూకాన్ గోల్డ్ గ్రిల్‌కు చక్కగా సరిపోతుంది. ముక్క నిలుస్తుంది, లోపల వెన్నలా ఉంటుంది. ఎర్ర తొక్క దుంపలు కూడా మంచివే.

మసాలా విషయంలో చాలామంది తొందరపడతారు. కారం, వెల్లుల్లి పొడి, కరివేపాకు పొడి నేరుగా నిప్పు సెగకు నిమిషంలో మాడి చేదెక్కుతాయి. గ్రిల్ మీదకు వెళ్లేటప్పుడు ఉప్పు, నూనె, కొద్దిగా పసుపు చాలు. దించిన వెంటనే, ముక్కలు ఇంకా చిటపటలాడుతుండగా, వెడల్పాటి గిన్నెలో వేసి వెల్లుల్లి కారం, వేయించిన జీలకర్ర పొడి, నువ్వుల పొడి చల్లి ఎగరేయండి. ఆ వేడికి కారం పచ్చివాసన పోతుంది, మాడదు. నల్లకారమైతే మరీ బాగుంటుంది. నిమ్మరసం అన్నిటికన్నా చివర, పళ్లెంలో పిండాలి. ముందే పిండితే కరకరలాడే అంచులు మెత్తబడిపోతాయి. పొట్లంలోనైతే పులుపు అసలు వేయకండి, అల్యూమినియానికి అది పడదు.